ప్రయాణంలో పాపకి డబ్బా పాలు కలపడం ఎలా? హైదరాబాద్ నుంచి నరసాపురం, అక్కడి నుంచి పంటు మీద సఖినేటిపల్లి

సఖినేటిపల్లి కోడలు

అందరికీ నమస్కారమండి. మా పాపకి మొన్నే నాలుగు నెలలు నిండాయి. నా పాలు చాలక రెండో నెల నుంచి డాక్టరుగారి సలహాతో డబ్బా పాలు కూడా పడుతున్నాం. పగలు నా దగ్గరే తాగుతుంది. సాయంత్రం నుంచి తెల్లారేదాకా ఎక్కువగా సీసాయే. మూడు గంటలకోసారి 120 ఎం.ఎల్. తాగుతుంది.

మే రెండో వారంలో మా మరిది పెళ్లి. రాత్రి బండెక్కి పొద్దున్నే నరసాపురంలో దిగుతాం. రేవులో పంటు (బళ్లని కూడా దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ఠ గోదావరి దాటితే సఖినేటిపల్లి, అక్కడి నుంచి ఆటోలో మా అత్తవారి ఊరు. మర్నాడు అంతర్వేది, పాప పేరు మీద మొక్కు ఉంది. పెళ్లి పాలకొల్లులో, చించినాడ వంతెన మీదుగా కారులో వెళ్లాలి.

ఇక్కడ ఇంట్లో ఫిల్టరు, కెటిల్, సీసాలు ఉడికించే కరెంటు మిషను అన్నీ ఉన్నాయి. అక్కడ బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు. మా అమ్మేమో "ఇంట్లోనే నాలుగు సీసాలు కలిపి పట్టుకెళ్లు, ఏ గొడవా ఉండదు" అంటోంది. మా ఆయన రైల్లో కెటిల్ పెట్టుకుందాం అంటున్నారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది. చంటిపిల్లల్ని ఇలా తీసుకెళ్లినవాళ్లు ఎలా చేశారో చెప్పండి.

రెండో కాన్పు

చెల్లీ, ముందు ఒక్క మాట. పాలు కలిపి మాత్రం పట్టుకెళ్లకు. నేను చేసిన తప్పు అదే.

మా పెద్దాడికి అయిదో నెల. ఏప్రిల్ నెలాఖరు. రావులపాలెం నుంచి అమలాపురం దాటి మా మేనత్తగారి ఊరు వెళ్లాలి. రెండు గంటల ప్రయాణమే కదా అని పొద్దున ఎనిమిదింటికి రెండు సీసాలు గోరువెచ్చగా కలిపి, చల్లారిపోకుండా ఉండాలని తువ్వాలు చుట్టి మరీ సంచిలో పెట్టాను. దారిలో టైరు పంచరైంది. వాడు నిద్రపోయాడు. లేచేసరికి పన్నెండు దాటింది. మూత తీసి వాసన చూశాను, బాగానే ఉన్నట్టు అనిపించింది. పట్టేశాను.

ఆ రాత్రి నుంచి విరేచనాలు. తెల్లారేసరికి పిల్లాడు ఏడవడానికి కూడా ఓపిక లేక కళ్లు తేలేశాడు. మూడు రోజులు ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఆ చిన్న చేతికి కట్టిన అట్టముక్క ఇప్పటికీ కళ్లముందే ఉంది. పాలు విరగలేదు, పుల్లటి వాసన లేదు, అయినా పాడైపోయాయి. వాసన చూసి తెలుసుకోవచ్చని ఎవరన్నా నమ్మకండి.

కాకినాడ నర్సు

అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను పదకొండేళ్లుగా పిల్లల వార్డులో పని చేస్తున్నాను. వేసవి సెలవులు, పెళ్లిళ్లు మొదలయ్యాయంటే ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి.

ఎందుకలా అవుతుందో చెప్తాను, అది అర్థమైతే మిగతావి ఎవరూ చెప్పక్కర్లేదు. పాల పొడి డబ్బా సీలు వేసి ఉన్నా, లోపలి పొడి సూక్ష్మజీవులు బొత్తిగా లేని పదార్థం కాదు. క్రోనోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా, అరుదుగా సాల్మొనెల్లా అందులో ఉండొచ్చు. పొడిగా ఉన్నంతకాలం అవి పెరగవు. నీళ్లు, తీపి, గోరువెచ్చని వేడి దొరికాయంటే గంటల్లో పెరుగుతాయి. తువ్వాలు చుట్టి వెచ్చగా ఉంచడమంటే పెరుగు తోడుకోవడానికి పెట్టినట్టే. క్రోనోబ్యాక్టర్ జబ్బు రావడం అరుదే కానీ, రెండు నెలల లోపు పిల్లలకి, నెలలు నిండకుండా పుట్టినవాళ్లకి వస్తే రక్తంలోకి, మెదడు పొరల్లోకి కూడా పోతుంది.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2007లో ఇచ్చిన సూచనల్లో పొడి కలిపే నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడి మీద ఉండాలని చెప్పారు. ఆ వేడికి పొడిలోని బ్యాక్టీరియా చస్తుంది. కలిపాక సీసాని చల్లటి నీళ్లలో పెట్టి, తాగే వేడికి తెచ్చి వెంటనే పట్టాలి. బయట ఉంచితే రెండు గంటలు దాటకూడదు. పాప నోరు పెట్టిన సీసా అయితే, మన మే నెల ఎండల్లో, గంట తర్వాత మిగిలింది పారబోయమనే నేను చెప్తాను.

కాబట్టి ప్రయాణంలో పద్ధతి ఇదీ: మరిగిన నీళ్లు ఫ్లాస్కులో. కొలిచిన పొడి తడి లేని డబ్బాలో. ఉడికించిన సీసాలు విడిగా. పాప అడిగినప్పుడే మూడూ కలవాలి.

సఖినేటిపల్లి కోడలు

అక్కా, చదువుతుంటేనే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బాబు ఇప్పుడు బాగున్నాడు కదా?

నర్సు గారూ, రాత్రి తొమ్మిదికి ఫ్లాస్కులో పోస్తే తెల్లవారుజామున మూడింటికి కూడా 70 డిగ్రీలు ఉంటుందా? చేత్తో ముట్టుకుని చెప్పలేం కదా.

రెండో కాన్పు

వాడిప్పుడు మూడో క్లాసు చెల్లీ. కాలువలో ఈత నేర్పమని ప్రాణం తీస్తున్నాడు.

భీమవరం నాన్న

ఆయ్, ఈ ఫ్లాస్కు సంగతి నేను చెప్తానండి. మా ఆవిడ బాలింతగా ఉన్నప్పుడు నెలకి రెండుసార్లు హైదరాబాద్, భీమవరం తిరిగాం. నాకూ ఇదే అనుమానం వచ్చి వంటింటి థర్మామీటరు కొని చూశాను.

లీటరు స్టీలు ఫ్లాస్కు. మొదటిసారి ఊరికే నీళ్లు పోసి మూత పెట్టాను, నాలుగు గంటలకి 74కి దిగిపోయింది. రెండోసారి ముందు ఫ్లాస్కులో సలసల కాగే నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి, అవి పారబోసి, మళ్లీ మరుగుతున్న నీళ్లు మెడదాకా నింపాను. నాలుగు గంటలకి 83 ఉంది, ఆరు గంటలకి 77. తేడా అంతా ఫ్లాస్కుని ముందుగా వేడి చేయడంలో, నిండుగా నింపడంలో ఉందండి. సగం ఫ్లాస్కు తొందరగా చల్లారుతుంది. మూత తీసిన ప్రతిసారీ వేడి పోతుంది. మీ ఫ్లాస్కు వేరే కాబట్టి ప్రయాణానికి వారం ముందే ఇంట్లో ఒకసారి కొలిచి చూసుకోండి.

అందుకే ఒక లీటరు ఫ్లాస్కు బదులు అర లీటరువి రెండు పట్టుకెళ్లండి. మొదటి రెండు సీసాలకి ఒకటి. రెండోది మూత తీయకుండా అర్ధరాత్రి దాకా అలాగే ఉంచాలి. చిన్నవి పెద్దదాని కంటే కాస్త త్వరగా చల్లారతాయి, కాబట్టి మంచి రకం కొనండి, వాటినీ కొలిచి చూడండి.

రైల్లో కెటిల్ మాత్రం పెట్టకండి. రైలు పెట్టెలో ఉండే ప్లగ్గులు ఫోను, లాప్‌టాప్ ఛార్జింగుకే. కెటిల్ లాగే కరెంటుకి అవి తట్టుకోవు. ప్రమాదం, రైల్వే నిబంధనలకి విరుద్ధం కూడా.

ఇంకోటి. బండి ఊగుతున్నప్పుడు సీసా చేత్తో పట్టుకుని గీత చూడకండి. నీళ్లు ఓ పక్కకి ఒరిగి 120 అనుకున్నది 100 అవుతుంది. కిటికీ దగ్గర చిన్న బల్ల మీద సీసా పెట్టి, మీ కళ్లని గీత ఎత్తుకి దించి చూడండి. ముందు నీళ్లు, ఆ తర్వాతే పొడి. మా డబ్బాకి 30 ఎం.ఎల్.కి ఒక చెంచా, మీ డబ్బా మీద ఎంత రాసుందో చూసుకోండి. చెంచా పైన కత్తి వెనకవైపుతో చదును చేయాలి, కుదించి నొక్కకూడదు.

కొత్తమ్మ కాకినాడ

వేడి నీళ్లు పోశాక సీసా గట్టిగా ఊపొద్దు అని కూడా చెప్పండి అన్నయ్యా. నాకు ద్వారపూడి స్టేషన్లో ఆగినప్పుడు పీకలోంచి పాలు చిమ్మి బొటనవేలు బొబ్బెక్కింది. లోపల ఆవిరి నిండుతుంది కదా. పీక కింద పెట్టే గుండ్రటి బిళ్ల వేసి, సీసాని రెండు అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పితే పొడి కరిగిపోతుంది. అడుగున ఉండలు లేవని చూసుకుని అప్పుడు పీక బిగించాలి.

రాజమండ్రి పిన్ని

నాదొక సందేహం. మా డబ్బా మీద "నీళ్లు మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి కలపండి" అని స్పష్టంగా రాసుంది. మా ఇద్దరు పిల్లలకీ అలాగే కలిపాను, ఏమీ కాలేదు. ఇప్పుడు 70 అంటున్నారు. తయారుచేసినవాళ్లు రాసింది తప్పా?

కాకినాడ నర్సు

మంచి ప్రశ్న పిన్నిగారూ. ఇది ఆసుపత్రిలో కూడా చాలామంది అడుగుతారు.

మరిగించమనడం నీళ్లలోని క్రిముల కోసం. ఆ పని గోరువెచ్చటి పద్ధతిలోనూ జరుగుతుంది. పొడిలో ఉండే క్రిముల సంగతికే 70 డిగ్రీలు కావాలి. నెలలు నిండి పుట్టి, ఆరోగ్యంగా ఉండి, కలిపిన వెంటనే తాగేసే పిల్లల్లో ఎక్కువమందికి గోరువెచ్చటి నీళ్లతో కలిపినా ఏమీ కాదు. మీ పిల్లల విషయంలో జరిగింది అదే. చాలామందికి ఏమీ కాకపోయినా, ఆ ఒక్కరికీ అయితే తట్టుకోలేం కాబట్టి నేను వేడి నీళ్ల పద్ధతే చెప్తాను. పాప రెండు నెలల లోపుదైనా, బరువు తక్కువగా పుట్టినా, ఈ విషయంలో రాజీ పడొద్దు.

కొన్ని డబ్బాల్లో మంచి బ్యాక్టీరియా కలిపి ఉంటారు, మరీ వేడి నీళ్లకి అవి చస్తాయని రాస్తారు. మీదలాంటి డబ్బా అయితే ప్రయాణానికి ముందే మీ పిల్లల డాక్టరుగారిని అడగండి.

కొత్తమ్మ కాకినాడ

ఏ కంపెనీ పొడి ప్రయాణానికి మంచిదో కూడా చెప్తారా ఎవరైనా?

వేదిక నిర్వాహకులు

దయచేసి పాల పొడి బ్రాండ్ల పేర్లు ఇక్కడ వద్దు. పిల్లల పాల పొడి, పాలసీసాల ప్రచారాన్ని మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఏ పొడి అన్నది మీ డాక్టరుతో తేల్చుకోవలసిన సంగతి. ఒక్కటి మాత్రం మేమే చెప్తాం: ప్రయాణం కోసం పొడి మార్చకండి. పాపకి అలవాటైనదే సరిపడా పట్టుకెళ్లండి.

మలికిపురం అమ్మాయి

అసలు గండం నీళ్లది వదినా. రైల్లో ఒక్క రాత్రే, ఊళ్లో అయిదు రోజులు.

మాది మీ పక్క ఊరే అనుకోండి. మనకి తాగునీరు ధవళేశ్వరం నుంచి కాలువ మీద వచ్చి ఊరి మంచినీళ్ల చెరువులో నిండుతుంది. 1852లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి లంకల్లోనూ సముద్రం ఒడ్డునా బతుకంతా ఆ కాలువలదే. వేసవిలో మరమ్మతులకి కాలువలు కట్టేసినప్పుడు చెరువులో ఉన్న నీళ్లే దిక్కు. మే నెలకి అడుగంటి పచ్చగా అవుతాయి. బోరు వేస్తే సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. ఉప్పు నీళ్లు మరిగిస్తే ఉప్పు పోదు. నీరు ఆవిరై ఇంకా ఉప్పగా అవుతుంది. పాల పొడిలో పాపకి కావలసిన ఉప్పు లెక్కగా వేసే ఉంటుంది. ఆ పైన ఉప్పు నీళ్లు కలిపితే చంటిపిల్ల మూత్రపిండాల మీద భారం పడుతుంది. కాబట్టి బోరు నీళ్లు స్నానానికి, బట్టలకి. పాల దగ్గరికి రానివ్వకండి.

మా ఇంట్లో చేసేది చెప్తాను. వాటర్ ప్లాంటు క్యాను తెప్పిస్తాం. కొత్త క్యాను, సీలు ఉన్నది, నీళ్లు రుచి చూసి ఉప్పదనం లేదని చూస్తాం. అలాగని నేరుగా వాడం. క్యాను నీళ్లలో క్రిములు ఉండవని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఆ క్యాన్లని ఎలా కడుగుతారో మనకి తెలీదు. సీలు వేసిన చిన్న సీసా నీళ్లైనా అంతే. తెర్లు వచ్చేదాకా కాచి, అలా ఒక నిమిషం మరగనిచ్చి, వెంటనే ఫ్లాస్కులో పోసేస్తాం. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. కరెంటుతో పని లేదు, గ్యాసు పొయ్యి చాలు.

కాచి చల్లార్చిన నీళ్లు పట్టమని పెద్దవాళ్లు అంటారు, ఎండాకాలం దాహం వేస్తుందని. ఆరు నెలల లోపు పాపకి పాలలో ఉన్న నీరే చాలు. ఎండగా ఉంటే ఇంకోసారి పాలు పట్టండి. కొబ్బరి బోండాలు ఇంటి చుట్టూ ఉంటాయి, ఎవరో ఒకరు చెంచాతో పట్టబోతారు. ఇప్పుడే వద్దని నవ్వుతూనే చెప్పండి, గట్టిగా చెప్పండి.

భీమవరం నాన్న

నీళ్లు చాలక పొడి పలచన చేయడం, పాప బలంగా ఉండాలని ఒక చెంచా ఎక్కువ వేయడం, రెండూ చేయొద్దండి. మా ఇంట్లో మా పెద్దమ్మ "పలచగా ఉంటే అరుగుతుంది" అని గొడవ పెట్టింది. కొలత కొలతే.

కొత్తమ్మ కాకినాడ

మరి సీసాలు ఎలా ఉడికించాలి వదినా? పెళ్లింట్లో గిన్నెలన్నీ చేపల పులుసువే కదా.

మలికిపురం అమ్మాయి

ఒక కొత్త స్టీలు గిన్నె మీరే పట్టుకెళ్లి దాని మీద ఎర్రదారం కట్టేయండి. అది పాప గిన్నె అని ఇల్లంతా తెలుస్తుంది. సీసా, పీక, రింగు విడదీసి, సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి కడిగి, పీక రంధ్రంలోంచి కూడా నీళ్లు పిండాలి. తర్వాత అన్నీ పూర్తిగా మునిగేలా నీళ్లు పోసి, సీసాలో గాలి బుడగ లేకుండా చూసి, పది నిమిషాలు మరగనివ్వాలి. పట్టకారు కూడా అందులోనే వేయండి, లేదంటే శుభ్రంగా ఉడికిన సీసాని మళ్లీ చేత్తో ముట్టుకోవాలి. నీళ్లు గట్టివైతే సీసాకి తెల్లటి పొడి అంటుకుంటుంది. అది సున్నం, కంగారు పడకండి. క్యాను నీళ్లతో ఉడికిస్తే అంటదు.

రైలుకి ఎన్నిసార్లు పట్టాలో అన్ని సీసాలు, పైన ఒకటి ఎక్కువ. పీక లోపలికి పెట్టి మూత బిగించి తీసుకెళ్తే దారిలో కడిగే పనే ఉండదు.

పాలకొల్లు అమ్మమ్మ

అమ్మా, మీరంతా సీసాల గురించి చెబుతున్నారు. మా కాలంలో ఉగ్గుగిన్నె ఉండేది. ఇప్పటికీ మన పాత్రల షాపుల్లో స్టీలువి దొరుకుతాయి. వెండిది చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది.

నాకు ముగ్గురు పిల్లలు. ముగ్గురికీ ఉగ్గుగిన్నెతోనే. పాపని ఒళ్లో కాస్త నిటారుగా పెట్టుకుని, గిన్నె మూతి కింది పెదవి మీద ఆనించి, కొంచెం వంచితే పాలు పెదవి దాకా వస్తాయి. పాప తనే జుర్రుకుంటుంది. గొంతులోకి పొయ్యకూడదు. మింగాక మళ్లీ వంచాలి. మొదట్లో ఒళ్లంతా పోసుకుంటారు, రెండు రోజుల్లో నేర్చుకుంటారు.

దాంట్లో గొప్ప ఏమిటంటే మూలలు లేవు, రబ్బరు లేదు, సందులు లేవు. ఒక్కసారి తోమి మరుగుతున్న నీళ్లలో వేస్తే చాలు. సీసా పీకలో పాలు ఎండి ఇరుక్కుంటే నువ్వు ఎంత బ్రష్షు పెట్టినా అనుమానమే. ఊళ్లో ఉన్న అయిదు రోజులూ ఉగ్గుగిన్నె వాడుకో తల్లీ, సీసాలు రైలుకి ఉంచుకో.

కాకినాడ నర్సు

అమ్మమ్మగారి మాట బంగారం. ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకి మేం పట్టేది కూడా ఉగ్గుగిన్నెతోనే, అక్కడ దాన్ని పలాడై అంటారు. మన దేశంలో పిల్లల డాక్టర్లు సీసా కంటే గిన్నె, చెంచానే మేలంటారు. తల్లి దగ్గర తాగే పాపకి పీకతో వచ్చే అలవాటు తేడా కూడా ఉండదు. వెండి గిన్నె అయితే మూతి దగ్గర నలుపు లేకుండా తోమండి.

మీ పాలు పగలు తాగుతోంది కాబట్టి ప్రయాణంలో వీలైనంత అవే ఇవ్వండి. పంటు మీద, కారులో చున్నీ కప్పుకుని ఇవ్వొచ్చు. దానికి ఫ్లాస్కు, నీళ్లు, కొలత ఏవీ అక్కర్లేదు. పిండి ఉంచిన పాలు అయితే మన మే నెల వేడికి బయట ఎక్కువసేపు పెట్టకండి, ఐసు ప్యాకులున్న సంచిలో పెట్టండి.

యానాం వదిన

నాకు అసలు పాలు పడలేదు. మొదటి నెల నుంచీ డబ్బాయే. ప్రతి పెళ్లిలో ఎవరో ఒకరు "తల్లి పాలు ఇవ్వట్లేదా" అని అడిగేవారు. పక్కగదిలోకి వెళ్లి ఏడ్చేదాన్ని. ఇలా చదివేవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటే వాళ్లకి చెప్తున్నా: శుభ్రంగా, సరైన కొలతతో కలిపి, గుండెకి హత్తుకుని పట్టండి. మా పాప ఆరోగ్యంగా పెరిగింది.

వేడి పాలు చల్లార్చడానికి నా పద్ధతి: లోతైన స్టీలు గ్లాసు ఒకటి సంచిలో ఉంటుంది. దాన్లో మామూలు నీళ్లు పోసి మూతపెట్టిన సీసా దించుతాను, నీళ్లు మూత దాకా రాకుండా. అయిదు నిమిషాలకి నీళ్లు వేడెక్కుతాయి, మార్చి మళ్లీ పోస్తాను. మొత్తం పది నిమిషాలు. పాప ఏడవక ముందే మొదలెట్టాలి. ఏడుపు మొదలయ్యాక పది నిమిషాలు పది గంటల్లా ఉంటాయి. చివరగా మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుని చూడాలి, వెచ్చదనం తెలిసీ తెలియనట్టు ఉండాలి. మండపంలో ఎవరైనా మైక్రోవేవులో పెట్టిస్తానంటే వద్దనండి. సీసా పైకి చల్లగా ఉండి లోపల పాలు ఒకచోట సలసల కాగుతుంటాయి.

రెండో కాన్పు

గుడి సంగతి మర్చిపోయారు అందరూ. అంతర్వేదిలో తీర్థం ఇస్తారు, మన పెద్దవాళ్లు భక్తితో పాప నాలుక మీద ఒక చుక్క వేయబోతారు. నెత్తిన చల్లితే స్వామి దయ ఉండకపోదు. నోట్లో మాత్రం వద్దు. తేనె కూడా నాకించొద్దు, ఏడాది నిండేదాకా. తేనెలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పిల్లల నరాలని పడగొట్టేస్తుందని మా డాక్టరుగారు అప్పుడే చెప్పారు. గేదెపాలూ అంతే, ఏడాది దాకా పాలసీసాలోకి రాకూడదు.

కాకినాడ నర్సు

అవును, ఆ జబ్బు పేరు బొటులిజం.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, దారిలో విరేచనాలో వాంతులో మొదలైతే ఇవి చూడండి: ఆరు గంటలుగా డైపరు తడవకపోవడం, నడినెత్తిన మెత్తటి మాడు లోపలికి గుంటపడటం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, పాలు పట్టినా తాగకుండా మత్తుగా పడి ఉండటం, మలంలో రక్తం, జ్వరం. వీటిలో ఏ ఒక్కటున్నా ఇంటి మందులు పట్టకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి, 108కి ఫోన్ చేయండి. పాలు మాత్రం ఆపకండి. రాజోలు, పాలకొల్లు, నరసాపురం వైపు పిల్లల డాక్టరు ఎక్కడున్నారో బయల్దేరే ముందే కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోకూడదు.

సఖినేటిపల్లి కోడలు

అందరికీ మళ్లీ నమస్కారం. నిన్న తిరిగి వచ్చాం. పాప బాగుంది. ఒక్క విరేచనం లేదు, రోజుకి ఏడెనిమిది డైపర్లు. ఈ మాట మొదట రాయాలనే కూర్చున్నాను.

వెళ్లేముందు ఇంట్లో మూడు రోజులు ఫ్లాస్కు కొలిచాం. మా పాతది ఆరు గంటలకే 62కి దిగిపోయింది. అది పక్కన పెట్టి అర లీటరువి రెండు కొన్నాం. రైల్లో మొదటి సీసా పదకొండున్నరకి, రెండోది మూడింటికి. రెండో ఫ్లాస్కు మూత తీసినప్పుడు పొగ పైకి లేచింది, ఆ పొగ చూసి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. భీమవరం అన్నయ్య చెప్పినట్టు కిటికీ బల్ల మీద సీసా పెట్టి ఫోను లైటు వేసి గీత చూశాను.

బండి గంటన్నర ఆలస్యం. నరసాపురం రేవుకి వచ్చేసరికి తొమ్మిదైంది. పెళ్లిళ్ల రోజులు కదా, పంటుకి బోలెడు బళ్లు బారు తీరి ఉన్నాయి. ఫ్లాస్కులో నీళ్లు అయిపోయాయి, పాప పెదవులు చప్పరిస్తోంది. నా పాలు పట్టాను కానీ సరిపోలేదు. రేవు పక్కన ఒక టీ కొట్టు. మా ఆయన మా స్టీలు గిన్నె, మేం తెచ్చిన సీలు సీసా నీళ్లు ఇచ్చి, "అమ్మా, ఇవి తెర్లేదాకా కాచి ఇస్తారా, పాపకి" అని అడిగారు. ఆవిడ టీ గిన్నె దించేసి ముందు మాది పొయ్యి మీద పెట్టింది. మా గిన్నె, మా నీళ్లు, మంట మాత్రం ఆవిడది. ఈ ఉపాయం ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఊళ్లో బావి నీళ్లు, చెరువు నీళ్లు, క్యాను మీద వాదన జరిగింది. మా అత్తయ్యగారు మొదట నొచ్చుకున్నారు, మేమంతా ఈ చెరువు నీళ్లే తాగి పెరిగాం కదా అని. నేను వాదించకుండా రెండు గ్లాసుల్లో బోరు నీళ్లు, క్యాను నీళ్లు పోసి రుచి చూడమన్నాను. ఆవిడ బోరు నీళ్లు నోట్లో పోసుకుని ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి పాప గిన్నెకి ఎర్రదారం ఆవిడే కట్టి, ఫ్లాస్కు నింపే పని కూడా ఆవిడే పెట్టుకున్నారు.

ఉగ్గుగిన్నె సంగతి చెప్పగానే అటక మీద నుంచి మా ఆయన చిన్నప్పటిది దించారు. వెండిది, మూతి కాస్త సొట్టపోయింది. చింతపండుతో తోమి, పది నిమిషాలు ఉడికించాం. మొదటి రోజు పాప సగం పాలు మెడకింద పోసుకుంది. ఎంత తాగిందో తెలియక నాకు భయమేసి, ముందు సీసాలో కొలిచి కలిపి, అందులోంచి కొంచెం కొంచెం ఉగ్గుగిన్నెలో పోసి పట్టాం. మూడో రోజుకి గిన్నె మూతి చూస్తేనే నోరు తెరవడం మొదలెట్టింది.

పాలకొల్లు అమ్మమ్మగారూ, ఒక సందేహం. సొట్ట దగ్గర పెదవికి గీరుకుంటుందేమో అనిపిస్తోంది. కంసాలి దగ్గర సరిచేయిస్తే పర్వాలేదా, లేక స్టీలుది కొత్తది కొనాలా?

పాలకొల్లు అమ్మమ్మ

సరిచేయించు తల్లీ. కానీ టాంకా వేయొద్దని చెప్పు, అతుకు వేసిన చోట పాలు ఇరుక్కుంటాయి. కొయ్యసుత్తితో లోపలి నుంచి మెల్లగా తట్టి నునుపు చేయమను. అంచు మీద నీ వేలు తిప్పి చూడు, తర్వాత నీ పెదవి మీద పెట్టుకుని చూడు. గరుకు తగలకపోతే పాపకి పట్టు. అప్పటిదాకా స్టీలుది కొనుక్కో.